పెట్టె తెరిస్తే మందు మింగినట్టేనా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న పల్లె. మా బాపుకు యాభై ఎనిమిదేళ్లు. టీబీ మందులు మొదలై రెండో నెల నడుస్తోంది, రోజుకు మూడు మాత్రలు. వేళకు మోగి పచ్చ లైటు వెలిగే పెట్టె ఇచ్చారు. రోజూ తెరుస్తున్నాడు కాబట్టి లెక్క సరిగ్గానే ఉందని ఆశా తాయి అంటోంది. కానీ మొన్న మంచం కింద ఊడుస్తుంటే పదకొండు మాత్రలు దొరికాయి. ఊళ్లో సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. మిర్చి ఏరడానికి భూపాలపల్లి వైపు పోతానంటున్నాడు. మందు మింగిందీ లేనిదీ కచ్చితంగా చెప్పే పరికరం ఏదైనా ఉందా?

జవాబు: అమ్మా, ఆ పెట్టె అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసినంతే చెప్పింది. మూత ఎప్పుడు తెరుచుకుందో గుర్తుపెట్టుకుని, లోపలి సిమ్ ద్వారా ఆ సమాచారాన్ని పంపడం వరకే దాని పని. సిగ్నల్ లేని రోజు లెక్కను దాచుకుని, దొరికినప్పుడు పంపుతుంది కనుక దాని గురించి దిగులు వద్దు. చైనాలో ఇటువంటి పెట్టెలు వాడిన రోగులు మందు మానిన రోజులు బాగా తగ్గాయని 2015లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మతిమరుపు వల్ల మానేవారికి ఇది ఎంతో మేలు. మీ నాన్నగారిది మతిమరుపు కాదు.

మాత్ర తీయగానే అట్ట వెనుక బయటపడే నంబరుకు రోగి మిస్డ్ కాల్ ఇచ్చే 99డాట్స్ పద్ధతిని కూడా మన దేశంలో వాడారు. చెన్నై, వేలూరు, ముంబయిలలో ఆ కాల్స్ లెక్కను, ఒంట్లో మందు ఉందో లేదో చెప్పే మూత్రపరీక్షతో పోల్చి చూసినప్పుడు రెండింటికీ చాలాచోట్ల పొంతన కుదరలేదు. మాత్రలోనే ఇసుకరేణువంత సెన్సర్ అమర్చి, కడుపులోకి చేరగానే ఒంటికి అంటించిన పట్టీకి సంకేతం పంపే విధానానికి అమెరికా 2017లో అనుమతినిచ్చింది కానీ, అది ఒక మానసిక వ్యాధి మందుకు సంబంధించినది. మీకు దానితో పనిలేదు.

మీరు రాసిన అంకెలోనే నాకు అసలు సంగతి కనిపిస్తోంది. రోజంతటి మోతాదూ పారేసి ఉంటే తొమ్మిదో పన్నెండో దొరకాలి. పదకొండు దొరికాయంటే, కొన్ని రోజులైనా ఆయన ఒకటో రెండో మింగి మిగిలినవి దాచి ఉండవచ్చు. అంటే మందుపై అయిష్టం కాకపోవచ్చు, మూడూ ఒకేసారి ఒంటికి పడటం లేదేమో. అరకొర మోతాదు క్రిమిని చంపకపోగా మందుకు లొంగని క్రిమిని తయారుచేయగలదు కనుక దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అలాగని దొరికిన మాత్రలు చూపించి నిలదీయకండి. వికారమా, కడుపులో మంటా అని అడగండి. వికారమైతే, కొద్దిగా జావ తాగి వేసుకోవచ్చునేమో చికిత్స చేస్తున్న డాక్టరును అడగండి. 1993 నుంచి మద్యనిషేధం ఉన్న జిల్లానే అయినా ఇప్పసారా దొరకదని నేననుకోను; తాగుతూ ఈ మందులు వాడితే కాలేయం దెబ్బతింటుంది.

మీ ఇంట్లోనే ఒక పాత పరీక్ష ఉంది: ఈ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వల్ల, వేసుకున్న కొన్ని గంటలకు మూత్రం నారింజ రంగులో వస్తుంది. అయితే ఎన్ని మింగారో అది చెప్పదు. అన్నిటికంటే మేలు, మాత్రలు మింగేదాకా పక్కన ఒకరు కూర్చోవడం. కావలివారిలా కాకుండా, కబుర్లు చెబుతూ. కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, ఆకలి చచ్చిపోవడం కనిపిస్తే మాత్రం మందు ఆపి, అదే రోజు దవాఖానాకు తీసుకెళ్లండి.

తప్పిన మోతాదును మర్నాడు రెట్టింపు వేయకండి. ఎన్ని పోయాయో ఆశా తాయికి దాచకుండా చెబితే, చికిత్స పొడిగించాలో, కఫం మళ్లీ పరీక్షించాలో డాక్టరు నిర్ణయిస్తారు.

మిర్చి పనికి ఇప్పుడే పంపవద్దు. కఫంలో క్రిమి లేదని తేలాక, తప్పనిసరైతే, బయలుదేరడానికి వారం ముందే ప్రభుత్వ దవాఖానాలో చెప్పండి. టీబీ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదైన నిక్షయ్‌లో ఆయనకిచ్చిన నంబరు ఆధారంగా చికిత్సను తెలంగాణకు బదిలీ చేస్తారు, అక్కడ కూడా మందులు ఉచితమే. పెట్టెనూ, మందుల కార్డునూ ఆయన బట్టల సంచిలో పెట్టి, అదే మేస్త్రీ కింద పనిచేసే మీ ఊరివారిలో నమ్మకమైన ఒకరికి విషయం చెప్పి పంపండి.