1000 మిప్స్‌కి ఎన్ని ఎక్స్86 కోర్లు? ముందు మీ మెషిన్ మోడల్ నంబర్ చూడండి

మీరు రెండు విషయాలు అడిగారు. ఒకే కోబాల్ ప్రోగ్రామ్ మీ జెడ్15 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) మీద కంటే లైనక్స్ సర్వర్ మీద చాలా రెట్లు త్వరగా అయిపోయింది, అంటే మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్ నెమ్మదా అని ఒకటి. మీ 1000 మిప్స్ (మెయిన్‌ఫ్రేమ్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) లోడ్‌ని తరలిస్తే ఎన్ని ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) కోర్లు కావాలని రెండోది. నేను చాలాకాలంగా కెపాసిటీ ప్లానింగ్‌లోనే ఉన్నాను. నేను చూసిన ప్రతి మైగ్రేషన్ ప్రాజెక్టులోనూ ఈ రెండు ప్రశ్నలూ మొదట్లోనే వచ్చాయి.

మొదటిదానికి జవాబు మీ మోడల్ నంబర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. కన్సోల్ మీద డీ ఎం=సీపీయూ కమాండ్ కొట్టి, సీపీసీ ఎస్ఐ అని ఉన్న వరుస చూడండి. 8561 తర్వాత 7తో మొదలయ్యే మూడంకెల సంఖ్య ఉంటే మీ సీపీలు (మామూలు పనులు చేసే ప్రాసెసర్లు) పూర్తి వేగంతో నడుస్తున్నట్టు. 4, 5, 6లతో మొదలైతే అవి సబ్ కెపాసిటీ. చిప్ అదే, 5.2 గిగాహెర్ట్జ్ గడియారమూ అదే. కానీ కొనుక్కున్నంత పని మాత్రమే చేసేలా ఫర్మ్‌వేర్ దాన్ని పట్టి ఉంచుతుంది. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ మీది సాఫ్ట్‌వేర్ బిల్లు చాలావరకు ఎంఎస్‌యూల (ప్రాసెసర్ సామర్థ్యాన్ని కొలిచే యూనిట్ల) లెక్కన వస్తుంది కాబట్టి చిన్న షాపులు కావాలనే తక్కువ కెపాసిటీ తీసుకుంటాయి. పూర్తి వేగం జెడ్15 సీపీ ఒక్కటే సుమారు 2000 మిప్స్ ఇస్తుంది. మీ మొత్తం 1000 అంటున్నారంటే, మీరు పోటీకి దింపింది కాళ్లు కట్టేసిన గుర్రాన్ని.

ఇది తేల్చుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. జిప్ (జావా, డీబీ2 వంటి కొన్ని పనులకే వాడేది), ఐఎఫ్ఎల్ (లైనక్స్‌కే వాడేది) ప్రాసెసర్లు ఎప్పుడూ పూర్తి వేగంతోనే నడుస్తాయి. మీకు జిప్ ఉంటే ఎస్ఎంఎఫ్ 30 రికార్డులో (జాబ్ ఎంత సీపీయూ వాడిందో జెడ్/ఓఎస్ రాసిపెట్టే లాగ్) ఎస్ఎంఎఫ్30ఎస్ఎన్ఎఫ్ అనే ఫీల్డ్‌ను 256తో భాగించండి. 1 వస్తే రెండూ సమానం. అంతకంటే ఎక్కువ ఎంత వస్తే, మీ సీపీ కంటే జిప్ అన్ని రెట్లు వేగం. అమీర్‌పేటలో మాకు జేసీఎల్, కోబాల్, వీసామ్, డీబీ2 చక్కగా నేర్పారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేర్పేవాళ్లయినా చెబితే బాగుంటుంది.

పోల్చేముందు ఆ ప్రోగ్రామ్‌ని ఎప్పుడు కంపైల్ చేశారో కూడా చూడండి. ఎన్నో ఏళ్ల కిందటి లోడ్ మాడ్యూల్ (కంపైల్ అయిన ప్రోగ్రామ్) నేటికీ అలాగే నడవడం మెయిన్‌ఫ్రేమ్ గొప్పతనమే. కానీ అందులో ఉండేవి ఆనాటి ఇన్‌స్ట్రక్షన్లే. లైనక్స్ వైపు మాత్రం మీరు నిన్నమొన్న కంపైల్ చేసి ఉంటారు. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 6.3లో ఆర్క్ 13 (జెడ్15 ఇన్‌స్ట్రక్షన్లు వాడమనే ఆప్షన్), ఆప్టిమైజ్ 2 పెట్టి మళ్లీ కంపైల్ చేసి అప్పుడు చూడండి. కాంప్-3 (ప్యాక్డ్ డెసిమల్, అంటే ఒక్కో బైట్‌లో రెండు దశాంశ అంకెలు దాచే పద్ధతి) లెక్కలు ఎక్కువగా ఉంటే తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే జెడ్14 నుంచి ప్యాక్డ్ డెసిమల్ లెక్కలకు వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. ఎక్స్86లో ప్యాక్డ్ డెసిమల్‌కి అలాంటి హార్డ్‌వేర్ లేదు. ఆ పనిని సాఫ్ట్‌వేరే చేసుకోవాలి.

ఇవన్నీ సరిచేసి కోర్‌కి కోర్ పెట్టి చూస్తే నా అనుభవంలో తేలింది ఇది: కేవలం లెక్కలు చేసే ప్రోగ్రాముల్లో కొత్త ఎక్స్86 కోర్ ఏమీ తీసిపోదు, కొన్నిట్లో ముందే ఉంటుంది. మెయిన్‌ఫ్రేమ్ మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ మాట దాచకూడదు.

ఇక రెండో ప్రశ్న. మిప్స్ అంటే సెకనుకు నడిచే ఇన్‌స్ట్రక్షన్ల లెక్క అనుకుంటే ఇక్కడే దారి తప్పుతాం. ఇప్పుడు మనం వాడే మిప్స్ ఒక సాపేక్ష సంఖ్య. ఐబీఎం రకరకాల పనులను కొలిచి ఎల్ఎస్‌పీఆర్ పేరుతో ఇచ్చే పట్టికల నుంచి వస్తుంది. అదే మెషిన్‌కి ఆ పట్టికలో ఒకటి కాదు, పనిని బట్టి వేర్వేరు విలువలు ఉంటాయి. కోర్ తన సొంత క్యాషేలు దాటి, అందరూ పంచుకునే క్యాషేలకూ మెమరీకీ ఎంతగా వెళ్లాల్సి వస్తుందో చెప్పే కొలత ఆర్ఎన్ఐ. అది తక్కువుంటే అదే మెషిన్ ఎక్కువ పని చేస్తుంది, ఎక్కువుంటే తక్కువ చేస్తుంది. ఎస్ఎంఎఫ్ 113 (హార్డ్‌వేర్ కౌంటర్ల) రికార్డులు తీస్తే మీ ఆర్ఎన్ఐ మీకే తెలుస్తుంది. గడియారం వేగం చూసి అంచనా వేసేవాళ్లకు నేను 2015 నాటి జెడ్13ను చూపిస్తాను. దాని ముందుతరం జెడ్ఈసీ12 గడియారం 5.5 గిగాహెర్ట్జ్, జెడ్13ది 5.0. గడియారం తగ్గింది, కోర్ సామర్థ్యం మాత్రం పది శాతం దాకా పెరిగింది.

ఐబీఎం తన మెయిన్‌ఫ్రేములకు స్పెక్ సీపీయూ, టీపీసీ-సీ వంటి బయటి బెంచ్‌మార్క్ ఫలితాలు ప్రకటించదు. ఎక్స్86 సర్వర్లకు మిప్స్ లేవు. రెండింటినీ కలిపే ఉమ్మడి కొలబద్దే లేనప్పుడు, ఒక కోర్ ఇన్ని మిప్స్‌కి సమానమని ఎవరైనా స్లైడ్ మీద చూపిస్తే, ఆ సంఖ్యను ఏ పని మీద కొలిచారో తప్పకుండా అడగండి.

ఒక ఇన్సూరెన్స్ క్లయింట్ దగ్గర మేం చూసిన సంగతి చెబుతాను. రాత్రి బ్యాచ్‌లో పాలసీల మీద వడ్డీ లెక్కకట్టే జాబ్‌ని వేరే వెండర్ ఎక్స్86కి మార్చాడు. కోర్ల లెక్క బాగానే వేశారు, సీపీయూ సగం కూడా వాడకంలో లేదు. అయినా జాబ్ తెల్లారేలోపు పూర్తయ్యేది కాదు. జెడ్/ఓఎస్ మీద కోబాల్, డీబీ2 డేటాబేస్ ఒకే ఎల్‌పార్‌లో (మెషిన్‌లో విడదీసిన ఒక భాగంలో) ఉండేవి. ఎస్‌క్యూఎల్ కాల్ ఆ మెమరీలోనే వెళ్లి వచ్చేది. కొత్త చోట డేటాబేస్ వేరే సర్వర్ మీద ఉంది, ప్రతి కాల్ నెట్‌వర్క్ దాటాలి. ఒక్కో కాల్‌కి అర మిల్లీసెకను వేసుకోండి. కోటి కాల్స్‌కి 5000 సెకన్లు, అంటే 83 నిమిషాలు కేవలం ఎదురుచూపుకే పోతాయి. ఎన్ని కోర్లు కలిపినా అందులో ఒక్క నిమిషమూ తగ్గదు. చివరికి కాల్స్‌ని కట్టలుగా పంపేలా, జాబ్‌ని పాలసీ నంబర్ల వారీగా ముక్కలు చేసి సమాంతరంగా నడిచేలా కోడ్ మార్చాకే దారిలో పడింది. ఆ జాబ్‌కి ప్రాసెసర్ అసలు సమస్యే కాదు. దాని మీటింగుల్లో మాత్రం ఎప్పుడూ ప్రాసెసర్ గురించే మాట్లాడేవారు.

ఇంకో తేడా, సీపీయూ శాతంలోకి ఏమేం వస్తాయన్నది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఐ/ఓ మొదలుపెట్టమని సీపీ చెబితే చాలు, మిగతాది ఛానల్ సబ్‌సిస్టమ్, ఐ/ఓ కోసమే ఉన్న శాప్ ప్రాసెసర్లు చూసుకుంటాయి. ఎక్స్86లో స్టోరేజ్ డ్రైవర్లు, నెట్‌వర్క్, హైపర్‌వైజర్ పని చాలావరకు మీ అప్లికేషన్ వాడే కోర్ల మీదే పడుతుంది. పైగా ముఖ్యమైన పనికి ముందు చోటిచ్చే డబ్ల్యూఎల్ఎం సాయంతో మెయిన్‌ఫ్రేమ్ 90 శాతం దాటి నడిచినా ముఖ్యమైన సీఐసీఎస్ (ఆన్‌లైన్) ట్రాన్సాక్షన్లు ఆగవు. ఎక్స్86 సర్వర్‌ని అంత బిగువుగా నడపడానికి ఏ ఆపరేషన్స్ టీమూ ఒప్పుకోదు. కాబట్టి కోర్లు లెక్కవేసేటప్పుడు ఎంత శాతం వాడకం దగ్గర ఆపుతారో ముందే తేల్చుకోండి.

మీ స్థానంలో నేనైతే నెలాఖరు రద్దీ గంటల ఎస్ఎంఎఫ్ 30 తీసి, ఎక్కువ సీపీయూ తింటున్న ప్రోగ్రాములు ఏవో చూసి, వాటిలో కొన్నిటిని అసలు పరిమాణం డేటాతో రెండు చోట్లా నడిపి, ట్రాన్సాక్షన్‌కి ఎంత సీపీయూ సెకన్లు, ఎంత ఎలాప్స్‌డ్ టైమ్ అన్నది పక్కపక్కన పెడతాను. ఆన్‌లైన్‌కీ బ్యాచ్‌కీ విడివిడిగా లెక్కవేస్తాను.

మోడల్ నంబర్, ఆర్ఎన్ఐ, జిప్ ఉందా లేదా, రద్దీలో బ్యాచ్ వాటా ఎంత అన్నవి కామెంట్లో రాయండి. అవి ఉంటే మీ 1000 మిప్స్‌కి కోర్ల అంచనా ఎలా వేయాలో లెక్కతో సహా రాస్తాను.