చక్కెర పాకం చేతికి అతుక్కుపోతుంటే

చెల్లీ, కడప ఎండలో చక్కెర వ్యాక్సింగ్ చేసుకుంటే పాకం చేతికి అతుక్కుపోయి, వెంట్రుకలు మాత్రం రాలేదని రాశావు. టెన్షన్ పడొద్దు. గోరువెచ్చని నీళ్లు పోస్తే అదంతా కరిగిపోతుంది, గీకొద్దు.

తీగపాకం దగ్గరే దింపేసినట్టున్నావు. మనకు ఉండపాకం కావాలి. 2 కప్పుల చక్కెరకు పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు. సన్న మంట మీద తేనె రంగు వచ్చాక ఒక చుక్క చల్లటి నీళ్లలో వేసి చూడు, వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టాలి. ఎండాకాలంలో నేనైతే ఇంకో నిమిషం ఉంచి కొంచెం గట్టిగానే దింపుతాను, ఒంటి వేడికే అది మెత్తబడుతుంది కాబట్టి. గిన్నెలో మిగిలింది పారేయకు, మళ్లీ కాచుకోవచ్చు.

చెమటతోనూ ఇబ్బందే. పొద్దున్నే, ఫ్యాన్ కింద, చేతికి పౌడర్ రాసుకుని మొదలుపెట్టు. వెంట్రుకలు పెరిగే వైపుకు ఎదురుగా పాకం రుద్ది, పెరిగే వైపుకే చటుక్కున లాగాలి. మామూలు వ్యాక్స్‌కు ఇది పూర్తిగా తలకిందులు, చాలామంది ఇక్కడే పొరపడతారు. వెంట్రుక 5 మిల్లీమీటర్లన్నా ఉండాలి.

వేడి పాకం మాత్రం ముట్టుకోవద్దమ్మా, చర్మానికి అతుక్కుని మరీ కాలుస్తుంది. మొటిమలకు, ముడతలకు వాడే రెటినాల్ క్రీమ్ రాసే చోట అసలు చేయొద్దు.