పాఠకుల ప్రశ్నలు: బజర్డ్ గద్ద సంగతులు

ప్రశ్న: యూరప్ పక్షుల గురించి చదువుతున్నప్పుడు కామన్ బజర్డ్ అనే గద్ద ఫొటోలు చూశాను. ఒకదానిలో అది ముదురు గోధుమ రంగులో ఉంటే మరొకదానిలో దాదాపు తెల్లగా ఉంది. ఇవన్నీ ఒకే జాతి పక్షులేనా? అయితే దాన్ని గుర్తుపట్టడం ఎలా?

జవాబు: అన్నీ ఒకే జాతి పక్షులే. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వర్ణించిన ఈ పక్షి శాస్త్రీయ నామం బ్యూటియో బ్యూటియో. యూరప్‌లోని వేటపక్షుల్లో రంగులో ఇంత వైవిధ్యం చూపేవి చాలా తక్కువ. ఆడదా, మగదా అన్నదాన్ని బట్టి ఈ తేడా రాదు; ముదురు రంగుతో పుట్టిన పక్షి ముదురుగానూ, లేత రంగుతో పుట్టినది లేతగానూ జీవితాంతం ఉండిపోతుంది. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో ఏళ్ల తరబడి జరిపిన పరిశీలనలో, మరీ ముదురుగానూ మరీ లేతగానూ ఉన్న పక్షుల కన్నా మధ్యస్థపు రంగు పక్షులే సగటున ఎక్కువ పిల్లలను పెంచి పెద్దచేసినట్టు తేలింది.

కాబట్టి గుర్తుపట్టడానికి రంగును నమ్ముకోకుండా ఆకారాన్ని చూడాలి. శరీరం సుమారు అర మీటరు పొడవుంటుంది, చాచిన రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకు 110 నుంచి 130 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. బరువు ఎక్కువగా అరకిలోకూ కిలోకూ మధ్య ఉంటుంది, ఆడపక్షి మగదాని కన్నా కాస్త పెద్దది. మెడ పొట్టి, రెక్కలు వెడల్పు. ఆకాశంలో చుట్లు తిరిగేటప్పుడు రెక్కలను కొద్దిగా పైకెత్తి, తోకను విసనకర్రలా విప్పి ఉంచుతుంది. చాలా పక్షుల్లో రొమ్ము మీద అడ్డంగా ఒక లేత పట్టీ, రెక్క అడుగున మడత దగ్గర ఒక నల్లని మచ్చ కనిపిస్తాయి. స్కాట్లండ్‌కు వెళ్లిన పర్యాటకులు దీన్నే చూసి బంగారు గద్దను చూశామని మురిసిపోవడం మామూలే కానీ, బంగారు గద్ద రెక్కలు రెండు మీటర్లకు చేరతాయి, బరువు కూడా దీనికి ఎన్నో రెట్లుంటుంది. దారి పక్క స్తంభం మీద తాపీగా కూర్చుని ఉన్నది దాదాపు ఎప్పుడూ బజర్డే.

ప్రశ్న: ఈ గద్ద గంటల తరబడి కదలకుండా కూర్చుంటుందనీ, వానపాములనూ చచ్చిన జంతువులనూ తింటుందనీ చదివాను. దీన్ని నిజంగా వేటపక్షి అనవచ్చా?

జవాబు: తప్పకుండా అనవచ్చు. శాహీన్ డేగలా ఆకాశం నుంచి బాణంలా దూకి ఎగిరే పక్షిని పట్టడమే వేట అనుకుంటే బజర్డ్ మనల్ని నిరాశపరుస్తుంది. అయితే బలమైన రెక్కలను ఆడిస్తూ ఎగరడానికి ఖర్చయ్యే శక్తి చాలా ఎక్కువ. ఆ ఖర్చును వీలైనంత తగ్గించుకోవడమే దీని పద్ధతి. పొలం గట్టునో అడవి అంచునో ఒక చెట్టు కొమ్మను ఎంచుకుని, గడ్డిలో చిన్న కదలిక కోసం ఎదురుచూసి, అది కనిపించగానే కిందికి జారుతుంది. ఎదురుగాలి వీచే కొండవాలులో అయితే ఆ గాలినే ఆసరా చేసుకుని ఒకేచోట నిలిచి నేలను వెతుకుతుంది. దాన్ని సోమరి అనేవాళ్లు, ఏ పూట ఆహారం ఆ పూట దొరికితేనే బతికే జీవికి అనవసరమైన ఒక్క ఎగురుడు ఎంత నష్టమో ఆలోచించరు.

దీని ప్రధాన ఆహారం వోల్ అనే పొట్టితోక గడ్డి ఎలుకలు. అవి కాక కుందేలు పిల్లలు, చిన్న పక్షులు, పాములు, కప్పలు, పురుగులు కూడా తింటుంది. వాన పడ్డాకనో దుక్కి దున్నాకనో పొలంలో నడుచుకుంటూ వానపాములను ఏరుకుంటుంది. చలికాలంలో కళేబరం దొరికితే వదలదు. అయినా సంతానం విషయంలో మాత్రం వోల్‌లదే పైచేయి. అవి విరివిగా దొరికిన ఏడాది గుడ్లు ఎక్కువ పెడుతుంది, కరువు వచ్చిన ఏడాది కొన్ని జంటలు అసలు గుడ్లే పెట్టవు. మామూలుగా గూటిలో రెండు నుంచి నాలుగు గుడ్లు ఉంటాయి, ఒక్కొక్కటి పొదగడానికి దాదాపు 33 నుంచి 35 రోజులు పడుతుంది. పిల్లలు ఒకేసారి కాక ఒకదాని తరవాత ఒకటి బయటికి వస్తాయి కనుక, తిండి చాలనప్పుడు ముందు పోయేది అన్నిటికన్నా చిన్నదే. మిగిలినవి ఏడెనిమిది వారాలకు గూడు విడిచినా, మరికొన్ని వారాలు తల్లిదండ్రులే మేపుతాయి.

ప్రశ్న: కామన్ బజర్డ్‌లు వలస పోతాయా?

జవాబు: ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లోని పక్షులు చాలావరకు పుట్టిన చోటికి దగ్గరలోనే జీవితం గడుపుతాయి. రష్యా, ఉత్తర ఫిన్లండ్ ప్రాంతాల్లో గూడు కట్టే స్టెప్ బజర్డ్ అనే ఉపజాతి మాత్రం, మంచు కమ్మితే ఎలుకలు దొరకవు కనుక, వేల కిలోమీటర్లు ప్రయాణించి తూర్పు, దక్షిణ ఆఫ్రికాలకు చేరుతుంది. వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలి మీద తేలుతూ సాగడమే వాటి ప్రయాణ పద్ధతి. సముద్రం మీద అలాంటి గాలి సరిగా లేవదు కాబట్టి, అవి నీటిని తప్పించుకుంటూ నేల దారులనే పట్టుకుంటాయి. అందుకే జార్జియాలోని బతూమి, ఇజ్రాయెల్‌లోని ఎయిలాత్ వంటి ఇరుకు దారుల్లో ఇవి లక్షల సంఖ్యలో దాటిపోవడం చూడవచ్చు.

ప్రశ్న: బ్రిటన్‌లో ఈ పక్షి ఒకప్పుడు చాలా అరుదైపోయిందని అంటారు. అంత సులువుగా బతికే పక్షికి ఆ గతి ఎందుకు పట్టింది?

జవాబు: మనుషుల వల్లే. 19వ శతాబ్దంలో సంపన్నులు సరదా వేట కోసం ఫెసెంట్ పక్షులను పెంచే ఎస్టేట్లలో, వాటి పిల్లలను ఎత్తుకుపోతుందన్న కారణంతో కావలివాళ్లు బజర్డ్‌లను తుపాకీతో, ఉచ్చులతో, విషంతో చంపారు. ఆ శతాబ్దం ముగిసేసరికి అది వేల్స్, నైరుతి ఇంగ్లండ్, పశ్చిమ స్కాట్లండ్ వంటి మారుమూల ప్రాంతాలకే పరిమితమైంది. ఐర్లండ్‌లో పూర్తిగా అంతరించింది. మొదటి ప్రపంచయుద్ధానికి కావలివాళ్లు తరలిపోవడంతో కాస్త ఊపిరి పీల్చుకుంది. 1953లో మిక్సోమటోసిస్ అనే వ్యాధి బ్రిటన్‌కు వచ్చి కొద్ది ఏళ్లలోనే కుందేళ్లను తుడిచిపెట్టడంతో, వాటి మీద ఆధారపడిన చోట్ల బజర్డ్‌లు మళ్లీ తగ్గాయి. పొలాల్లో వాడిన ఆర్గానోక్లోరిన్ పురుగుమందులు ఆ దెబ్బకు తోడయ్యాయి.

1954 నాటి పక్షి రక్షణ చట్టం, దాని తరవాత 1981లో వచ్చిన వన్యప్రాణి చట్టం, ఆ పురుగుమందులను ఆపేయడం, విషం పెట్టే అలవాటు తగ్గడం, ఇవన్నీ కలిసి పరిస్థితిని మార్చాయి. నేడు అది బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే వేటపక్షుల్లో ఒకటి. గమనించవలసిందేమంటే, దీన్ని బోనుల్లో పెంచి వదలవలసిన పని పెద్దగా రాలేదు. చంపడం మానితే చాలు, అదే పడమటి కొండల నుంచి తూర్పుకు పాకుతూ వచ్చింది. అలాగని తగవు తీరలేదు. ఫెసెంట్ పిల్లలను కాపాడటానికి బజర్డ్ గూళ్లను పడగొట్టే పద్ధతిని పరీక్షించాలని 2012లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వం తలపెట్టి, ప్రజల నిరసనతో వెనక్కి తగ్గింది. ఫెసెంట్ పిల్లలను ఈ గద్ద ఎత్తుకుపోయే మాట నిజమే. అయితే వేటకోసం కోట్ల సంఖ్యలో తెచ్చి వదిలే పక్షుల కోసం అడవిపక్షి గూటిని కూల్చడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: బజర్డ్‌లు మనుషుల మీద దాడి చేస్తాయా?

జవాబు: గూటిలో పిల్లలున్న వేసవి వారాల్లో కొన్ని పక్షులు మాత్రమే చేస్తాయి. జర్మనీ, స్విట్జర్లండ్, బ్రిటన్ దేశాల్లో గూటి పక్కగా పరుగెత్తేవాళ్లనూ సైకిల్ తొక్కేవాళ్లనూ వెనక నుంచి వచ్చి తల మీద గోళ్లతో గీరిన ఘటనలు ఉన్నాయి. ఆ కొద్ది వారాలు దారి మార్చుకోవడం మంచిది. తప్పనిసరైతే పరుగు ఆపి నడవాలి, టోపీ పెట్టుకోవాలి లేదా గొడుగు తెరిచి పట్టుకోవాలి. పిల్లలు ఎగరడం నేర్చాక ఆ పక్షి మళ్లీ మన జోలికి రాదు.