నంబర్ 1 స్క్వాడ్రన్ చరిత్ర 1914 దగ్గర ఎందుకు తెగుతోంది?

బ్రిటిష్ నంబర్ 1 స్క్వాడ్రన్‌ను ఒకచోట ఎయిర్‌షిప్పుల (వాయువుతో తేలుతూ ఇంజిన్‌తో నడిచే గగననౌకల) దళమనీ మరోచోట విమానాల దళమనీ రాయడంతో మీ కాలక్రమం కుదరడం లేదన్నారు. దళం పేరునూ దాని దగ్గరున్న ఎయిర్‌షిప్పులనూ ఒకటిగా భావించి వెతకడమే దీనికి కారణం. రెండు చోట్లా రాసినది నిజమే.

1. వెతుకులాటను బ్రిటిష్ సైన్యపు ఇంజినీర్ల విభాగమైన రాయల్ ఇంజినీర్స్ దళం నుంచి మొదలుపెట్టండి. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో లేడీస్మిత్ పట్టణ ముట్టడి సమయంలో శత్రువు ఫిరంగులను పైనుంచి కనిపెట్టినది ఆ దళపు బెలూన్ సెక్షనే.

2. 1911 ఏప్రిల్ 1న ఆ రాయల్ ఇంజినీర్స్‌లోనే ఎయిర్ బెటాలియన్ ఏర్పడింది. ఫార్న్‌బరోలోని 1వ కంపెనీకి ఎయిర్‌షిప్పులు, లార్క్‌హిల్‌లోని 2వ కంపెనీకి విమానాలు దక్కాయి. 1912 మేలో, కొత్త వైమానిక దళమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో ఆ 1వ కంపెనీయే నంబర్ 1 స్క్వాడ్రన్ అయింది.

3. చాలామంది దాటిపోయే మెట్టు ఇదే, దయచేసి ఇక్కడ కాస్త నిలబడండి. 1914 ఆరంభంలో సైన్యం తన ఎయిర్‌షిప్పులను నౌకాదళానికి అప్పగించింది, కానీ స్క్వాడ్రన్ సంఖ్యను మాత్రం తన దగ్గరే ఉంచుకుని, అదే ఏడాది మేలో దానిని విమానాల దళంగా పునర్వ్యవస్థీకరించింది.

4. కనుక 1914 ఆరంభంలో జరిగిన ఆ అప్పగింత తర్వాత మీ పట్టికను రెండు వరుసలు చేసి, ఎయిర్‌షిప్పులను నౌకాదళ పత్రాలలోనూ, స్క్వాడ్రన్‌ను ఫ్లయింగ్ కోర్ పత్రాలలోనూ వెతకండి.