సగం బ్లీచింగ్ వేస్తే వైబ్రియోకి కవచం తొడిగినట్టే

రొయ్యల గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వదలకముందు బ్లీచింగ్ పొడి కొట్టినా పది రోజులకే ల్యాబ్ ప్లేటు మీద పచ్చ కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) లేచాయని, రొయ్యకి జబ్బు తెచ్చే వైబ్రియో బ్యాక్టీరియా మందుకి అలవాటు పడిపోయిందా అని నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రైతన్న అడిగారు. అలవాటు కాదన్నా, డోసు చాల్లేదు. చాలీచాలని డోసు వృథా కావడమే కాదు, బ్యాక్టీరియాని తట్టి లేపుతుంది.

ముందు లెక్క చూడండి. ఎకరం గుంటలో 1.2 మీటర్ల నీళ్లుంటే సుమారు 4,850 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 60 గ్రాముల పొడి, అంటే 291 కిలోలు, 25 కిలోల బస్తాలైతే దాదాపు పన్నెండు. మనవాళ్లు ఐదు బస్తాలతో సరిపెడతారు. పొడిలో క్లోరిన్ 30 శాతం ఉంటే అప్పుడు నీళ్లలో పడేది 8 పీపీఎం (లీటరుకి 8 మిల్లీగ్రాములు) లోపే. బస్తా చెమ్మ తగిలి 15 శాతానికి దిగితే 4 కూడా ఉండదు. అందులోనూ అడుగు బురద కొంత తినేస్తుంది. నీళ్ల పీహెచ్ 8.5 ఉంటే గట్టిగా చంపే రూపంలో మిగిలే క్లోరిన్ పదో వంతే.

ఈ మిగిలిన కాస్త క్లోరిన్ తగిలినప్పుడు కణం లోపల ఏం జరుగుతుందో ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియాలో బాగా తేల్చారు. హెచ్‌ఎస్‌పీ33 అనే ప్రొటీన్ ముందే తయారై ఉంటుంది. క్లోరిన్ తగలగానే విప్పుకుని, దెబ్బతిన్న ప్రొటీన్లు ముద్ద కట్టకుండా పట్టుకుంటుంది. క్లోరిన్‌లాగే కణాన్ని ఆక్సీకరణతో దెబ్బతీసే పెరాక్సైడ్‌ని పసిగట్టేది ఆక్సీఆర్ అనే ఇంకో ప్రొటీన్. దానిలోని రెండు సిస్టీన్ల గంధకాలు ముడిపడి ఆకారం మారగానే పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే కెటలేజ్ ఎంజైమ్ జీన్‌ని ఆన్ చేస్తుంది. 1985లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా మీద చూశారు: ముందు 60 మైక్రోమోలార్ పెరాక్సైడ్ రుచి చూపిస్తే, తర్వాత 10 మిల్లీమోలార్‌ని, అంటే 160 రెట్లకు పైగా ఉన్నదాన్ని, తట్టుకుంది. మధ్యలో 30 ప్రొటీన్లు పెరిగాయి. ఇదంతా నిమిషాల పని. పిల్ల కణాలకి వంశంగా రాదు, ఒత్తిడి తీరగానే ఆ జీన్లు మళ్లీ ఆగిపోతాయి. అందుకే అలవాటు అనే మాట తప్పు.

కొన్ని మందుల షాపుల్లో "ఇవాళ రెండు బస్తాలు, ఎల్లుండి రెండు వెయ్యన్నా" అంటారు. ఇంతకంటే చెడ్డ సలహా లేదు. రెండు తడవలూ తక్కువ డోసే, బతికిన బ్యాక్టీరియాకి మధ్యలో తేరుకునే సమయం దొరుకుతుంది. పైగా చచ్చిన ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) మేతవుతుంది, పోటీకి వచ్చే మిగతా బ్యాక్టీరియా ఉండదు. అందరికంటే వేగంగా లేచేది వైబ్రియోనే. మర్నాడు ప్లేటు సున్నా చూపిందని నమ్మొద్దు. ఒత్తిడిలో వైబ్రియో బతికే ఉండి ప్లేటు మీద పెరగకుండా ఊరుకోగలదు.

నల్ల బురద ఎత్తి, నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టండి. నీళ్లు వడకట్టి పెట్టి, పీహెచ్ చూసి, పొద్దు వాలాక మొత్తం డోసు ఒక్కసారే చల్లండి. ఎండలో క్లోరిన్ విరిగిపోతుంది. గట్ల లోపలి అంచులు, తూములు కూడా తడపండి. ఏరియేటర్లు తిప్పి అంతటా కలపండి. రొయ్య ఉన్న గుంటలో ఈ డోసు పొరపాటున కూడా వద్దు. క్లోరిన్ టెస్టులో చుక్క వేస్తే పసుపు రంగు అసలు తిరగనప్పుడే ప్రోబయోటిక్, ఆ తర్వాతే సీడ్.