యూఎన్ పేరు చూసి కాదు, కాంట్రాక్టు చదివి పంపండి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని వనస్థలిపురం. మా అమ్మాయికి 28 ఏళ్లు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ చేసి, ఐదేళ్లుగా గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా అనలిస్టుగా పనిచేస్తోంది. ఇప్పుడు కెన్యా రాజధాని నైరోబీలోని ఐక్యరాజ్య సమితి సంస్థ ఒకటి ఏడాది పాటు అంతర్జాతీయ యూఎన్ వాలంటీరుగా రమ్మని ఆఫర్ పంపింది. ఉద్యోగం మానేసి వెళ్తానంటోంది. వాలంటీరు అంటే జీతం లేకుండా చేసే సేవే కదా? ఆఫ్రికా ఎందుకు, అమెరికాలో ఎంఎస్ చేయించమని మా అన్నయ్య అంటున్నాడు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ ఉందని, డబ్బు కడితే యూఎన్‌లో పర్మనెంట్ ఉద్యోగమే ఇప్పిస్తారని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మా ఆయనకు 62 ఏళ్లు, షుగరు ఉంది. ఫ్లాటు ఈఎంఐలో సగం అమ్మాయే కడుతోంది. సంబంధాలు కూడా చూస్తున్నాం. పంపించమంటారా?

జవాబు: అమ్మా, పంపించమనే చెబుతాను. అయితే యూఎన్ అనే పేరు చూసి కాదు. పేరు గొప్పదే, కానీ ఆ పేరు కింద పదిరకాల ఉద్యోగాలున్నాయి. ఒకే భవనంలో పక్కపక్కన కూర్చునే ఇద్దరిలో ఒకరికి పింఛను, పిల్లల చదువుకు గ్రాంటు ఉంటాయి. రెండో వ్యక్తికి ఆర్నెల్ల తర్వాత ఏమవుతుందో తెలియదు. మీ అమ్మాయి చేతికి వచ్చింది ఏ రకం కాగితమో మీ ఇంట్లో అందరికీ అర్థమైతే మీ భయాల్లో సగం తీరుతాయి. మిగిలిన సగానికి ఇంటి దగ్గరే ఏర్పాట్లు చేసుకోవాలి.

ముందు వాలంటీరు మాట. యూఎన్ వాలంటీర్ల కార్యక్రమాన్ని 1970లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఏర్పాటు చేసింది. ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. ఇది సెలవు రోజుల్లో వెళ్లి చేసే సేవ కాదు, పూర్తి సమయం పని. జీతం అనరు, నెలనెలా జీవన భృతి ఇస్తారు. ఆ ఊళ్లో అద్దె, తిండి, రాకపోకలకు ఎంతవుతుందో లెక్కగట్టి ఆ మొత్తాన్ని నిర్ణయిస్తారు. రానుపోను ప్రయాణ ఖర్చు, స్థిరపడటానికి మొదట కొంత మొత్తం, వైద్య బీమా, జీవిత బీమా, నెలకు రెండున్నర రోజుల చొప్పున సెలవు ఉంటాయి. కానీ యూఎన్ సిబ్బందికి ఉండే పింఛను ఉండదు. గడువు ముగిశాక స్టాఫ్‌లోకి తీసుకుంటామన్న హామీ కూడా ఉండదు. ఆ భృతి బతకడానికి సరిపోతుంది, వెనకేయడానికి కాదు. గచ్చిబౌలి జీతంతో పోల్చి తక్కువా ఎక్కువా అని చూడకండి. నైరోబీలో ఖర్చులు పోగా ఇంటికి ఎంత పంపగలదో అమ్మాయి చేత కాగితం మీద రాయించండి.

యూఎన్ అంటే సర్కారు ఉద్యోగంలా భద్రమైనదన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. అక్కడ స్టాఫ్‌గా చేరినవారికి కూడా మొదట ఏడాదికి లోపు ఉండే తాత్కాలిక నియామకమో, ఒకటి నుంచి ఐదేళ్ల నిర్ణీత కాల నియామకమో ఇస్తారు. అవి పొడిగింపు మీద పొడిగింపుగా సాగుతాయి. పైగా ఇప్పుడు కాలం బాగాలేదు. అమెరికా నిధులు కోసేశాక 2025లో వలసలు, శరణార్థులు, ఆహారం, ఆరోగ్యం చూసే సంస్థలన్నీ సిబ్బందిని తగ్గించుకున్నాయి. అదే ఏడాది మార్చిలో ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ‘యూఎన్80’ పేరుతో ఖర్చు తగ్గించే సంస్కరణలు మొదలుపెట్టారు. కాబట్టి ఆఫర్ పంపిన అధికారిని మీ అమ్మాయి మొహమాటం లేకుండా అడగాల్సిన సంగతులున్నాయి. ఈ పోస్టుకు డబ్బు సంస్థ సొంత బడ్జెట్ నుంచి వస్తోందా, ఏదో ఒక దేశం ఇచ్చిన ప్రాజెక్టు నిధి నుంచా? ఆ నిధి ఎప్పటిదాకా ఉంది? ఏడాది తర్వాత పొడిగింపు దేని మీద ఆధారపడుతుంది? మధ్యలో ఆపేస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు? ఇలా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. అక్కడ పనిచేసేవాళ్లంతా రోజూ మాట్లాడుకునేది ఇదే.

అమీర్‌పేట కన్సల్టెన్సీ గడప తొక్కకండి. ఐక్యరాజ్య సమితి దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ, ఏ దశలోనూ రూపాయి తీసుకోదు. డబ్బు అడిగారంటే అది మోసమే, ఇంకో మాట లేదు. మీ అమ్మాయి ఆఫర్‌ను కూడా ఒకసారి సరిచూసుకోవడం మంచిది. తను దరఖాస్తు చేసిన యూఎన్ వాలంటీర్ల అధికారిక వెబ్‌సైటులో తన ఖాతా తెరిచి, అక్కడ ఆ నియామకం కనిపిస్తోందో లేదో మీ ఎదుటే చూపించమనండి. ఈమెయిల్‌కు అంటించిన లెటర్‌హెడ్ ఒక్కటే ఉంటే చాలదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి మీ ఆయన షుగరు, ఈఎంఐ. మీరు వాటిని చివర్లో ఒక్క ముక్కలో రాశారు. ఇలాంటి ప్రయాణాలు చాలాసార్లు తడబడేది ఇక్కడే. అమ్మాయి కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమాలో మీ ఇద్దరి పేర్లూ ఉండే అవకాశం ఉంది. ఉంటే, తను రాజీనామా చేసి బయటికొచ్చాక ఆ రక్షణ పోతుంది. యూఎన్ వాలంటీరుకు ఇచ్చే బీమా నైరోబీలో తనను కాపాడుతుంది, వనస్థలిపురంలో ఉన్న తల్లిదండ్రులను కాదు. 62 ఏళ్ల వయసులో, షుగరుతో, కొత్తగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాలని కంపెనీలు షరతు పెట్టవచ్చు. దీనికి ఒక దారి ఉంది. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కల్పించింది. అలా మారితే, గ్రూపు పాలసీలో గడిచిన ఏళ్లు ఆ వేచి ఉండే కాలంలో కలుస్తాయి. ఉద్యోగం వదిలాక పరుగెత్తితే లాభం లేదు. బయటికి రావడానికి కనీసం నెలన్నర ముందే హెచ్‌ఆర్ నుంచి బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు తీసుకుని లిఖితపూర్వకంగా అడగాలి. వాళ్లు కాదంటే ఆ జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. నన్నడిగితే, ఈ పని పూర్తయ్యేదాకా అమ్మాయి రాజీనామా లేఖ రాయకూడదు.

ఈఎంఐ సంగతి. పన్నెండు నెలల వాయిదాల్లో తన సగం వాటా ఎంతో లెక్కవేసి, అంత మొత్తాన్ని బయలుదేరేలోపు విడిగా ఒక ఖాతాలో వేయించండి. ఐదేళ్లు ఉద్యోగం చేసిన పిల్ల దగ్గర ఆ మాత్రం పొదుపు ఉండొచ్చు. లేకపోతే రెండు మూడు నెలలు ఆలస్యంగా చేరడానికి వీలవుతుందా అని సంస్థను అడగవచ్చు, ఒక్కోసారి ఒప్పుకుంటారు. పీఎఫ్ డబ్బు మాత్రం దీనికోసం తీయనివ్వకండి. రుణంలో అమ్మాయి సహ రుణగ్రహీత అయితే, బ్యాంకు పనులు చూసుకునే అధికారం మీ ఇద్దరిలో ఒకరికి ఇస్తూ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి వెళ్లాలి. విదేశీ ఉద్యోగానికి వెళ్లేవారు తమ సేవింగ్స్ ఖాతాను ప్రవాస భారతీయులకు ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. చాలామంది ఈ సంగతే మరిచిపోతారు.

ఏడాది తర్వాత ఏమిటన్నది అమ్మాయి ఆలోచించాల్సిన ప్రశ్న, కాబట్టి ఈ పేరా తనకు చదివి వినిపించండి. యూఎన్ సచివాలయంలో పీ-2 అనే తొలి వృత్తి స్థాయి పోస్టుకు సాధారణంగా పీజీతో పాటు రెండేళ్ల అనుభవం కావాలి. పీజీ లేకుంటే డిగ్రీకి తోడు ఇంకో రెండేళ్ల అనుభవం ఎక్కువ ఉంటే చాలావరకు అంగీకరిస్తారు. అంటే బీటెక్‌తోనే తలుపు మూసుకుపోలేదు, నైరోబీలో గడిపే ఏడాది కూడా అనుభవం కిందికే వస్తుంది. దరఖాస్తులో చదువు వివరాలు నింపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. డిగ్రీ ఇచ్చిన విద్యాసంస్థ ప్రపంచ ఉన్నత విద్యా డేటాబేస్‌లో ఉందో లేదో అక్కడ చూస్తారు. మన పిల్లలు అలవాటుగా కాలేజీ పేరు రాసేస్తారు. పట్టా ఇచ్చింది విశ్వవిద్యాలయం కాబట్టి దాని పేరే, ఆ జాబితాలో ఎలా ఉందో అలాగే రాయాలి. ఇంత చిన్న పొరపాటుకు దరఖాస్తు మొదటి వడపోతలోనే ఆగిపోతే బాధ కదా.

రెండోది ఫ్రెంచి. మనకు ఇంగ్లిషు వచ్చు కదా అని ఊరుకుంటాం. సచివాలయంలో పని భాషలు ఇంగ్లిషు, ఫ్రెంచి రెండూ. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల పోస్టుల్లో చాలావాటికి ఫ్రెంచి లేకుండా పిలుపే రాదు. బంజారాహిల్స్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, తార్నాకలో ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. వెళ్లేలోపు అక్షరాలు, ప్రాథమిక వాక్యాలు మొదలుపెట్టి, అక్కడ కొనసాగించమనండి. డేటా పని తెలిసినవాళ్లు చాలామంది దొరుకుతారు. డేటాతో పాటు ఫ్రెంచి, దానికి తోడు గాలి కాలుష్యమో పట్టణ నీటి సరఫరానో ఏదో ఒక రంగం మీద పట్టు, ఈ మూడూ ఉన్నవాళ్లు తక్కువ. నైరోబీలో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం, యూఎన్ హాబిటాట్ రెండింటి ప్రధాన కార్యాలయాలూ ఉన్నాయి. రంగం పట్టుకోవడానికి అంతకన్నా అనువైన ఊళ్లు కొద్దిగానే ఉంటాయి.

ఒకవేళ ఏడాదికే తిరిగొస్తే నష్టమేమీ లేదు. అంతర్జాతీయ సంస్థ అంటే జెనీవా, న్యూయార్క్ మాత్రమే అనుకుంటాం గానీ, 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే ఉంది. యునిసెఫ్‌కు హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. ఇలాంటిచోట్ల భారతీయులకే ప్రత్యేకించిన జాతీయ స్థాయి పోస్టులు కూడా వస్తుంటాయి. అవి కూడా కాకుంటే మళ్లీ సాఫ్ట్‌వేర్ ఉంది.

మీ అన్నయ్యగారి సలహాలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఎంఎస్‌కు లక్షల అప్పు చేయాలి. ఆపైన 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, చదువు తర్వాత ఉద్యోగం ఖాయమని ఎవరూ చెప్పలేని పరిస్థితి. ఈ నైరోబీ ఆఫర్‌లో అప్పు లేదు. ఏడాది గడిచాక ఎంఎస్ చేయాలనిపిస్తే, ఆ అనుభవం దరఖాస్తుకు బలమే ఇస్తుంది.

నైరోబీ గురించి కాస్త. సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ఊరు, మన ఎండలు అక్కడ ఉండవు. యూఎన్ ఆవరణ గిగిరి అనే ప్రాంతంలో ఉంది. భారత సంతతి కుటుంబాలు తరతరాలుగా ఉన్న పార్క్‌ల్యాండ్స్‌లో గుళ్లు, శాకాహార భోజనం దొరుకుతాయి. చపాతీ అయితే అక్కడి ఇళ్లలోనూ చేసుకుంటారు. భద్రత విషయంలో దాచేదేమీ లేదు. రాత్రిళ్లు ఒంటరిగా నడవకూడని వీధులున్నాయి. 2024 జూన్‌లో పన్నుల మీద పెద్ద ఆందోళనలు జరిగి ప్రాణాలు పోయాయి. అందుకే ఇల్లు చూసుకునే ముందు యూఎన్ భద్రతా విభాగం సూచించే ప్రాంతాల జాబితా అడగాలి. అద్దె తక్కువని జాబితా దాటి పోవద్దని అమ్మాయికి చెప్పండి.

సంబంధాల సంగతి మీ ఇంటి విషయం. ఒక్కటే అంటాను. ఇంకా కుదరని సంబంధం కోసం చేతికొచ్చిన ఆఫర్‌ను వదులుకోమనకండి. చూసేటప్పుడు మాత్రం అమ్మాయి ఈ దారిలోనే ఉంటానంటే, అబ్బాయి పని కూడా ఊళ్లు మారగలిగేదా అన్నది మొదటే అడగండి. యూఎన్ పోస్టుల్లో కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వని ఊళ్లు కొన్ని ఉన్నాయి. తీసుకెళ్లగలిగిన దేశాల్లోనూ జీవిత భాగస్వామికి పని అనుమతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు వరుస. ఈ వారమే అమ్మాయి తన మేనేజరుకు ఏడాది జీతం లేని సెలవు ఇస్తారా అని మెయిల్ పెట్టాలి. చాలామంది ఇవ్వరని ముందే అనుకుని అడగరు. ఇస్తే మీ బీమా కొనసాగుతుందేమో కూడా అదే మెయిల్‌లో అడగాలి. ఇవ్వనంటే బీమా మార్పు మొదలుపెట్టండి. ఆ తర్వాత వైద్య పరీక్షలు, బీసేఫ్ అనే యూఎన్ ఆన్‌లైన్ భద్రతా శిక్షణ. కెన్యా నుంచి తిరిగొచ్చేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలో క్వారంటైన్ చేస్తారు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలి. వైద్య అనుమతి వచ్చి, రెండు వైపులా సంతకాలైన కాంట్రాక్టు చేతిలో పడ్డాకే రాజీనామా ఇవ్వమనండి, ఒక్కరోజు ముందు కూడా వద్దు.