పక్కింటావిడకి చర్చి సాయం: మతం అడ్డొస్తుందా?

"భర్త పోయిన మా పక్కింటావిడ హిందువు, చర్చిలో సాయం అడిగితే మతం మారమంటారేమో" అన్నారు కదా. ఆ బెంగ వద్దండీ. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, మీ విచారణలో (అంటే మీ చర్చి పరిధిలో) విన్సెంట్ డి పాల్ సభ ఉందేమో ఫాదర్ గారిని కనుక్కోండి. పేదలకు సాయం చేయడానికి 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే విద్యార్థి, తోటి విద్యార్థులు కలిసి పెట్టిన క్యాథలిక్ సంఘం అది. సాయానికి మతం చూడకూడదన్నది వాళ్ల నియమం. సభ్యులు ఇద్దరిద్దరుగా ఇంటికే వస్తారు. బియ్యం ఉన్నాయా, అద్దె ఎంత బాకీ, పిల్లల ఫీజు మాటేమిటని అడిగి తెలుసుకుంటారు. ప్రతి సమావేశంలోనూ సంచీ తిప్పుతారు, ఎవరెంత వేశారో పక్కవాడికి కూడా తెలీదు. అలా పోగైన సొమ్ము కాబట్టి మరీ పెద్ద మొత్తం ఆశించకండి. నన్నడిగితే వితంతు పింఛను సంగతి ముందు చూడాలి. మరణ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లమనండి. తోడుగా ఒకరిని పంపమని సభవాళ్లనే అడగొచ్చు.